షట్టర్ కింది కాళ్లు

ఫంక్షన్ హాళ్ల మీద నాకున్న ఫిర్యాదు చాలా చిన్నది. భోజనం బాగానే ఉంటుంది. పాటలు భరించవచ్చు. కుర్చీలకు తెల్లగుడ్డ తొడిగి వెనక కట్టే ఆ బంగారు రంగు ముడిని కూడా క్షమించవచ్చు. చెప్పులతోనే వచ్చింది చిక్కు. లోపలికి పోయేటప్పుడు విడిచినవి బయటికొచ్చేసరికి ఏవో తెలియవు. అన్నీ ఒకటే నలుపు, ఒకటే రబ్బరు, ఒకటే అచ్చు. మొన్న జనగామలో ఒక పెళ్లి చూసుకుని ఇంటికొచ్చి గుమ్మంలో చూసుకుంటే రెండూ ఎడమ కాలివే. అంటే ఎవరో పెద్దమనిషి రెండు కుడి చెప్పులతో ఇల్లు చేరుకున్నాడన్నమాట. ఆయనా నన్ను వెతుక్కుంటూ రాలేదు, నేనూ పోలేదు. ఇద్దరం సర్దుకుపోయాం.

మా నాయిన కాలంలో ఈ బాధ లేదు. ఆయన చెప్పులు రఘునాథపల్లిలో ఒకే ఇంట్లో కుట్టించుకునేవాడు. ముందు వెడల్పు, బొటనవేలి దగ్గర ఎర్ర తోలు పట్టీ, అడుగు తీసి అడుగు వేస్తే కిర్రుమని చప్పుడు. దానికి తోడు ఆయన ఎడమకాలి చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి ఉండేది, బస్సులో సీటు దొరకనివాడు పక్కవాడి ఒళ్లో కూర్చున్నట్టు. గుడి ముందు ఆ చెప్పులు కనిపిస్తే చాలు, "సేటు లోపలున్నడు" అని ఊరు చెప్పేసేది. మాది జనగామ బజారులో కిరాణా దుకాణం. బోర్డు మీద ఉన్న పేరు కన్నా ఆ కాళ్లే ఎక్కువమందికి తెలుసు.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో నేను మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని. రైల్లో పోవడం, రైల్లో రావడం. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే జిల్లా కాబట్టి ఒకచోట బంద్ అంటే మూడుచోట్లా బందే. రాష్ట్రం కోసం రైళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, కాలేజీ ఆగింది, కాలేజీతో పాటు నా జీతమూ ఆగింది. నేను చేసిన త్యాగాలు ఇక్కడికి సమాప్తం. బదులుగా నాకు దక్కింది తీరిక.

ఆ తీరికలోకి కెమెరా వచ్చింది. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఒక స్టూడియో ఉండేది. దాని యజమాని పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు దాటి అప్పటికే ఫ్లెక్సీల్లోకి అడుగుపెట్టాడు. ఫ్లెక్సీలకు అది స్వర్ణయుగం. ఏ దీక్షా శిబిరం ముందు చూసినా మధ్యలో పిడికిలి, పైన నినాదం, కింద వరసగా ఊళ్లో సగం మంది ముఖాలు. నిరాహార దీక్షలో ఉన్నవాళ్లు ఫ్లెక్సీ మీద మాత్రం బాగా తిని వచ్చినట్టు నవ్వుతుండేవారు. ఆయన షాపులో పై అరలో ఒక పాత ఫిల్మ్ కెమెరా, పక్కన గడువు దాటిన బ్లాక్ అండ్ వైట్ రోళ్లు దుమ్ము పట్టి కనిపించాయి.

"ఏం చేస్కుంటరు సార్ గిది? ఇప్పుడు దీన్ని ఎవ్వలు ముట్టుకుంటలేరు" అన్నాడు.

కెమెరా గురించే అన్నాడనుకుంటాను. అప్పటికి నేను పెళ్లికాని లెక్చరర్‌ని.

ఫిల్మ్ కెమెరాలో ఉన్న అసలు సుఖం, తీసిన ఫోటో కనబడకపోవడం. అప్పటికే అందరి చేతుల్లోకి ఫోన్లొచ్చేశాయి. ఫోటో తీయగానే ఆరు తలకాయలు దాని మీద వాలేవి. "నా కండ్లు మూసుకపోయినయ్, ఇంకోటి తియ్యి" అని ఒకరు, "నన్ను సగమే తీసినవ్" అని ఇంకొకరు. నా కెమెరా వెనక చూడటానికి ఏమీ లేదు, ఒక నల్ల రేకు తప్ప. తీసిందేదో లోపల చీకట్లో చుట్టుకుని పడుకునేది. నాకూ తెలియదు, ఎవరికీ తెలియదు. మీట జరిపితే ఫిల్మ్ ముందుకు కదిలే ఆ కర్రుమనే చప్పుడు ఒకటుంది. కొన్ని ఫోటోలు నిజానికి ఆ చప్పుడు కోసమే. రోల్ పాతది కావడంతో బొమ్మ మీద బూడిద చల్లినట్టు మసక ఉండేది. ఎండాకాలం జనగామలో పొగమంచు చూసినవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

అయితే ఆ రోజుల్లో మెడలో కెమెరా వేసుకున్నవాడికి మనశ్శాంతి ఉండదు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే తిని రాకపోకలు ఆపే కార్యక్రమం, వంటావార్పు, జోరుగా నడుస్తోంది. ఒకసారి తరిగొప్పుల వైపు పోతే రోడ్డుకు అడ్డంగా పప్పు ఉడుకుతోంది. నన్ను చూడగానే గరిటె పట్టుకున్నాయన కండువా సవరించుకున్నాడు. అప్పటిదాకా గరిటె పట్టని నలుగురు అదే గరిటె మీద చేయి వేశారు.

"ఏ పేపరన్నా?"

"ఏ పేపరూ కాదు."

"టీవీయా?"

"కాదు."

"మరెందుకు తీస్తున్నవ్?"

"నా కోసమే."

ఆయన గరిటె పక్కవాడికిచ్చి, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నీ కోసమైతే నిన్ను తీస్కో. మమ్ముల ఎందుకు నిలబెడ్తవ్ ఎండల?"

న్యాయమైన మాటే. అప్పటి నుంచి ముఖాలు తీయడం మానేశాను. ముఖాలకు ఫ్లెక్సీలున్నాయి. నాకు కాళ్లు దొరికాయి.

బంద్ రోజున మా బజారును చూడాలి. షట్టర్లన్నీ దించి ఉండేవి, కానీ నేల దాకా కాదు. మోకాలెత్తు దగ్గర ఆగిపోయేవి. లోపల దుకాణం, బయట జనం, మధ్యలో ఆ మోకాలెత్తు సందు. దాంట్లోంచి సంచి లోపలికి పోతుంది, నిండి బయటికొస్తుంది. మాటలు కూడా వంగి మాట్లాడాలి. వస్తున్న ఊరేగింపు నినాదాలు దూరం నుంచి వినబడగానే షట్టర్లు ఒకదాని వెనక ఒకటి నేలకు తాకేవి, ఆగిన రైలుకు ఇంజన్ తగిలితే పెట్టె పెట్టెకూ చప్పుడు పోయినట్టు. ఊరేగింపు దాటిపోయాక మళ్లీ మోకాలెత్తు. ఇందులో రహస్యమేమీ లేదు. ఊరేగింపులో ముందు నడిచినవాళ్లే వెనక్కి తిరిగొచ్చి వంగి చాయ్‌పత్తా అడిగేవారు. రోడ్డు మీద ఉడికిన ఆ పప్పు కూడా ఏదో ఒక షట్టర్ కిందినుంచే పాకివచ్చి ఉంటుంది, ఆకాశం నుంచి పడలేదు.

నాకు ఆ సందు నచ్చింది. రోడ్డుకు అవతల గొంతుకూర్చుని తీస్తే, పైన రేకు మడతలు, కింద వెలుతురు గీత, ఆ గీతలో కాళ్లు. లోపలివి రెండు, బయటివి రెండు. మహబూబాబాద్‌లో బట్టల షాపు ముందు తండా నుంచి వచ్చిన ఆడవాళ్ల కడియాలు, లోపల ఆ షాపు సేటు మడమల పైకి లేచిన పైజామా. ఎవరి ముఖం ఎలా ఉందో తెలియదు, ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో తెలియదు, బేరం కుదిరిందని మాత్రం వేళ్లను చూస్తే తెలిసేది. కెమెరాలో కూడా షట్టర్ ఉంటుంది కదా, ఆ పోలిక మీద ఒక కవిత రాయమని మా కాలేజీలో తెలుగు చెప్పే మిత్రుడు పోరు పెట్టాడు. రాయలేదు. ఉద్యమానికి నా వంతు సేవ అదేననుకుంటాను.

ఇక మా నాయిన సంగతి. ఆయన అప్పటికి వ్యాపారుల తరఫున జనగామ దీక్షా శిబిరంలో పెద్దతలకాయ. శిబిరాన్ని నడిపేది రిటైరైన ఒక హెడ్మాస్టరు. భూములూ, జీపూ, గంభీరమైన గొంతూ ఉన్న మనిషి. ఊరంతా రోజుకొక సంఘం చొప్పున దీక్షలో కూర్చునేది. ఒకరోజు ఊళ్లో కొందరు కుర్రాళ్లు వ్యాపారుల వంతు వచ్చినప్పుడు మైకులోనే అడిగేశారు: "బంద్ అంటరు, సగం షట్టర్ ఎత్తి అమ్ముకుంటరు. గిదేం ఉద్యమం?"

మా నాయినకు రోషమొచ్చింది. మైకు లాక్కున్నాడు. "ఎవల సంగతో నాకెందుకు. నా దుకాణం షట్టరు బంద్ నాడు జానెడు లేసినట్టు ఎవలన్న చూపిస్తే, గీ టెంటు ముంగటనే నా మెడల చెప్పుల దండ ఏయుండ్రి."

చప్పట్లు మోగాయి. నిమ్మరసం పంచారు. ముందు వరసలో రోజూ కూర్చునే ఒక అవ్వ, బతుకమ్మ పాటలకు ఊళ్లో ఆమె గొంతే గొంతు, ఆ అవ్వ కూడా చప్పట్లు కొట్టింది. చేతి కడెం ఘల్లుమంది.

సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ మా అమ్మ అడిగింది. "గంత మాట ఎందుకన్నవ్? రేపట్నుంచి నిజంగ బంద్ చేస్తవా?"

"బంద్ అంటే షట్టర్ మూసుడే. మంది కడుపులు మూసుడు గాదు. ఉప్పు లేకుంట ఎవలు తింటరు?"

"మరి దండ?"

"చూపిస్తెనే కద దండ. ఎవలు చూపిస్తరు? అందరు కొనేటోల్లే."

తర్కంలో లోపం లేదు. ఊళ్లో ప్రతివాడూ కొన్నవాడే. సాక్ష్యం చెప్తే వాడికీ వాటా వస్తుంది. కళ్లతో చూసినవాళ్లుండవచ్చు, చేత్తో పట్టుకుని చూపించగలిగేది ఎవరిదగ్గరా ఉండదు. అన్నం కలుపుకుంటూ నేనూ అంతే అనుకున్నాను.

ఆ తర్వాతి బంద్ నాడు పొద్దున నేను మా బజారులోనే, మా దుకాణానికి ఎదురుగా, ఒక మూసిన సైకిల్ షాపు అరుగు పక్కన గొంతుకూర్చుని ఉన్నాను. ఎండ రేకు మీద ఏటవాలుగా పడుతోంది. మా షట్టరు మోకాలెత్తుకు లేచింది. లోపల ఎర్ర పట్టీ చెప్పులు, వాటి మీద ధోతి అంచు, ఎడమకాలి మీద తన సింహాసనమెక్కిన ఆ చిటికెనవేలు. బయట పగిలిన మడమలు, వెండి కడియాలు. ఒక చేయి లోపలినుంచి గళ్ల సంచిని తోస్తోంది. కడెమున్న చేయి ఇవతలినుంచి అందుకుంటోంది. ఇద్దరి చేతుల మధ్య సంచి గాలిలో ఆగిన క్షణం నొక్కాను. ఎంత బాగా కుదిరిందో కెమెరా వెనక రేకు చెప్పదు, కానీ ఒళ్లు చెప్తుంది. లేచి, మోకాళ్లు దులుపుకుని, ఎవరికీ చెప్పకుండా రెండు వీధులు ఊరికే నడిచాను. లోకంలో నాకొక్కడికే తెలిసిన మంచి సంగతి ఒకటి నా మెడలో వేలాడుతోంది. అంతకన్నా సుఖం జీతం ఆగకుండా ఉన్నప్పుడు కూడా నాకు తెలియదు.

మిగిలిన రోల్ భూపాలపల్లిలో ముగిసింది. మా అక్కను అక్కడ బొగ్గుబావిలో పనిచేసే ఆయనకిచ్చారు. బస్సులు లేవు కాబట్టి ఆటోలు మారుతూ, చిట్యాల దగ్గర ఒక ట్రాక్టరెక్కి, మొత్తానికి చేరాను. బావ సమ్మెలో ఉండి ఇంట్లో మంచం మీద ఉద్యమిస్తున్నాడు. సాయంత్రం ఇద్దరం బజారుకు పోతే అక్కడా మోకాలెత్తే. ఒక షట్టర్ ముందు గంబూట్లు, బొగ్గు మరకలతో. నేను రోడ్డు మీద గొంతుకూర్చునేసరికి బావ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఏం బామ్మర్దీ, గాయిన కాళ్లు మొక్కుతున్నవా? ఏమన్న పని పడ్డదా ఆయనతోని?"

"ఫోటో తీస్తున్న బావా."

"కాళ్లవా?" కాసేపు ఆలోచించాడు. "సదువెక్కువైతె గిట్లనే అయితది. మీ అక్కకు చెప్పకు, పరేషాన్ అయితది."

రైళ్లు మళ్లీ నడిచాక రోల్ తీసుకుని మహబూబాబాద్ పోయాను. స్టూడియో యజమాని దగ్గర ఫిల్మ్ కడిగే మందు ఇంకా కాస్త మిగిలి ఉంది. కడగడం ఆయనే కడిగాడు, గొణుక్కుంటూ. తడి నెగెటివ్‌ను క్లిప్పుకు వేలాడదీసి వెలుతురుకు పట్టి చూశాను. నెగెటివ్‌లో మా నాయిన తెల్లధోతి నల్లగా, దుకాణంలోని చీకటి తెల్లగా. రాత్రి పగలుగా, పగలు రాత్రిగా మారిన ఆ చిన్న గడిలో కూడా చిటికెనవేలు పక్కవేలి మీదే కూర్చుని ఉంది. కాంతి తిరగబడినా అది దిగలేదు.

"గింత కష్టపడి, రోల్ మొత్తం కాళ్లేనా సార్? ఒక్క మొకం లేదు" అన్నాడు యజమాని. తర్వాత ఆ గడి దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు. "గిది మాత్రం... గిది బాగుంది సార్."

ఒక చిన్న ప్రింటు మాత్రం వేయించుకుని పుస్తకంలో పెట్టుకున్నాను. నెగెటివ్‌లు ఆయన దగ్గరే ఉంచాను. ఇంట్లో మా నాయిన అలమరా సర్దే అలవాటు వల్ల ఏ వస్తువుకూ అజ్ఞాతవాసం కుదరదు.

స్టూడియో యజమాని మాత్రం నచ్చిన బొమ్మను మర్చిపోయే రకం కాదన్న సంగతి నేను అంచనా వేయలేదు. జనగామ శిబిరంలో ఉద్యమ ఫోటోల ప్రదర్శన పెడుతున్నారని, ఈ రైలు దారిలో ఉన్న స్టూడియోలన్నీ తలా కొన్ని పంపాలని కబురు పోయింది. ప్రదర్శన రోజు పొద్దున నాకు ఫోను.

"సార్, స్టేషన్ల దిగిన. జనగామల. మీకు చెప్పకుంట పెడ్దామనుకున్న గని ఆగబుద్ధి కాలె. మీ కాళ్ల ఫోటో తెచ్చిన. మంచిగ పెద్దగ కొట్టిన."

"ఎంత పెద్దగ?"

"మన మిషిన్ మీద ఎంతొస్తె అంత."

నేను శిబిరం చేరేసరికి కట్టేశారు. టెంటు గుమ్మం పక్కన రెండు గుంజల మధ్య నిలువెత్తు ఫ్లెక్సీ. మా నాయిన బొటనవేలు గుమ్మడికాయంత. చిటికెనవేలు ఊళ్లోకి వచ్చే బస్సు డ్రైవరుకు కూడా కనబడేలా ఉంది. కింద ఎర్ర అక్షరాలతో "ఆగని అడుగులు" అని రాసి, ఆ కింద స్టూడియో ఫోను నంబరు. కాళ్లు కనబడితే అది నడకేనని, ఉద్యమంలో తీసిన ఫోటో ఉద్యమం కోసమేనని ఆయన నమ్మకం. ఆ రోజుల్లో అందరిదీ అదే నమ్మకం.

"తీసెయ్యన్నా" అన్నాను.

"ఏంది సార్, సిగ్గా?"

"ఇది నా కోసం తీసుకున్నది."

"గింత మంచిది ఒక్కలే చూస్తె పాపం తగుల్తది సార్." నా చేయి తాడు మీదికి పోగానే ఆయన ముఖం చిన్నబోయింది. "రాత్రంత కూసోని కొట్టిన. పేరు గూడ మీదేం ఎయ్యలే, మీరు వద్దంటరని."

ఆ కాళ్లు ఎవరివో ఆయనకు తెలియదు. తీసేయడానికి కారణం చెప్పాలంటే ఎవరివో చెప్పాలి. చెప్పకుండా ఉండాలంటే ఫ్లెక్సీ ఉండాలి. తర్కం చదువుకున్నవాణ్ని, ఇలాంటి సందు గురించి పాఠం కూడా చెప్పేవాణ్ని. అందులో ఇరుక్కుని నిలబడటం అదే మొదటిసారి. ఇంతలో దూరం నుంచి కిర్రు, కిర్రు అని వినబడింది.

రిబ్బన్ కత్తిరించాల్సింది మా నాయినే. ఇస్త్రీ ధోతి, మెడలో బంతిపూల దండ. అప్పటికి పూలదే. పక్కన హెడ్మాస్టరు, వెనక వ్యాపారులు, ఆ వెనక మైకులో ప్రశ్న అడిగిన కుర్రాళ్లు. లోపల అమరుల ఫోటోలున్నాయి కాబట్టి అందరూ చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి. మా నాయిన విడిచాడు. సరిగ్గా ఫ్లెక్సీ కింద. అసలు కింద, నకలు పైన.

తలెత్తి చూశాడు. మొదట చిరునవ్వే, అందరి ఫోటోల ముందూ నవ్వే నవ్వు. తర్వాత ఎర్ర పట్టీ. తర్వాత వేలు. ఆయన తన ఎడమకాలిని మెల్లగా కుడికాలి వెనక్కి తీసుకున్నాడు, బడిలో పలక దాచుకున్న పిల్లాడిలా. నా వైపు తిరగలేదు. నా మెడలో కెమెరా ఉందన్న సంగతి మాత్రం ఆయన వీపుకు తెలిసిపోయింది.

కుర్రాళ్లలో ఒకడు ఫ్లెక్సీ నుంచి చెప్పుల దాకా, చెప్పుల నుంచి ఫ్లెక్సీ దాకా కళ్లు తిప్పాడు. "గీ చెప్పులు..." అన్నాడు. వెనకున్న వ్యాపారులు ఒక్కసారిగా ఆకాశం వైపు, టెంటు గుడ్డ వైపు చూశారు. గాలికి ఫ్లెక్సీ పటపటమంది. మా నాయిన చేతిలో కత్తెర తెరుచుకునే ఉంది.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఆయనా ఆ కాళ్లు ఎరుగును. వంటావార్పు పప్పు ఎవరి సందులోంచి వచ్చిందో కూడా ఎరుగును. మైకు అందుకున్నాడు.

"చూడుండ్రి. మంచిగ చూడుండ్రి. బంద్ అంటే గిది. వ్యాపారి తన చేతులతోని తానే షట్టరు మూస్తుండు. ఎవలు చెప్పకముందే మూస్తుండు. గా చెయ్యి చూడుండ్రి, గా పట్టుదల చూడుండ్రి."

చప్పట్లు. మొదట వ్యాపారులు, కొంచెం అవసరాన్ని మించే కొట్టారు. తర్వాత అందరూ. నాకూ అప్పుడే తట్టింది: అంత పెద్దగా కొట్టిన బొమ్మలోనూ ఆ షట్టరు లేస్తోందో దిగుతోందో తెలియదు. సంచి వస్తోందో పోతోందో తెలియదు. ఫిల్మ్ మీద నాకు గౌరవం పెరిగింది. ఇంతకాలం నా ఒక్కడి రహస్యమే దాచిందనుకున్నాను, మా నాయినది కూడా దాస్తోంది. ఆయన భుజాలు కిందికి దిగాయి. ఎడమకాలు కుడికాలి చాటు నుంచి బయటికొచ్చింది. కత్తెర రిబ్బన్ మీదికి పోయింది. ప్రశ్న అడిగిన కుర్రాడు కూడా, చేసేదేం లేక, చప్పట్లలో కలిశాడు.

ముందు వరస అవ్వ అప్పుడే వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చప్పట్లెందుకో అని ఆగింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, ఫ్లెక్సీకి దగ్గరగా జరిగి, వేలితో గళ్ల సంచిని తాకింది. తన చేతి కడెం చూసుకుంది, బొమ్మలో కడెం చూసింది.

"మూసుడేంది సారూ? గా సంచి నాది, గా కడెం నాది. సేటు నాకు చింతపండు ఇయ్యవట్టె గాడ. సగం గింజలే ఉండె."